గాలికి దాహం

ఇంకా గంట ఉందని బంట్రోతు రైలుపట్టా ముక్క మీద కొట్టిన ఒక్క దెబ్బ ఆడపిల్లల గది కిటికీల్లోంచి లోపలికి పోయి, అక్కడ వంగి ఉన్న ముప్ఫై తలల మీదుగా తిరిగి వరండాలోకి వచ్చి, వెంకటప్పయ్య మాస్టారు కూర్చున్న బల్ల కోళ్ళలోంచి ఆయన అరికాళ్ళలోకి దిగి, ఆ మోత పోయాక కూడా కాసేపు అక్కడే ఉండిపోయింది. మూడున్నర అయిందన్నమాట. నాలుగున్నరకు అయిపోతుంది. సైన్సు పరీక్షనాడు సైన్సు చెప్పేవాడు గదిలో అడుగు పెట్టరాదని నిబంధన. మంచి నిబంధనే, తన చేతిలో ఉన్నా అదే పెట్టి ఉండేవాడు. కానీ ఏ పిల్లకైనా కళ్ళు తిరిగితేనో, సిరా ఒలికితేనో మనిషి కావాలి గనుక ఆయన్ను వరండాలో, మంచినీళ్ళ కుండ పక్కన కూర్చోబెట్టారు. కుండ చుట్టూ చెమట పట్టి ఉంది. పడమటి గాలి కొండరాళ్ళ మీద కాలి, ఊరంతా దాటి, ఏలూరు కాలవ నీళ్ళను కూడా లెక్కచెయ్యకుండా వచ్చి మొహానికి కొడుతోంది. ఇంత వేడిగాలి కొడుతున్నా కుండలో నీళ్ళు చల్లగానే ఉంటాయి, ఇంత కొడుతున్నందుకే చల్లగా ఉంటాయి. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు చెబుతున్నా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు ఇప్పటికీ కొంచెం తగ్గుతుంది, గుడిలో తగ్గినట్టు. లోపల మూడో వరసలో, కిటికీ పక్కన, నాగమల్లేశ్వరి ఉంది.

పోయినేడు ఇదే గదిలో కూర్చుని ఒక్క సైన్సులోనే తప్పింది. నాలుగు మార్కుల్లో. నాలుగు మార్కులంటే ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న ఆ పిల్ల ఎందుకు వదిలేసిందో ఆ ఇంటి బయట తెలిసింది తనొక్కడికే. ఈసారి గట్టెక్కితే ట్రెయినింగు స్కూలుకు పోయి టీచరవుతుంది, దరఖాస్తు కాయితం కూడా తెచ్చిపెట్టుకుంది. గట్టెక్కకపోతే ఇంట్లో నాయన మగ్గానికి దారం కండెలు చుట్టుకుంటూ ఉండిపోతుంది. కండెలు చుట్టటం తక్కువ పనా? కాదు. ఆ చేతులు చూస్తే ఎవరూ ఆ మాట అనరు. కానీ ఆ పిల్ల కోరుకున్నది అది కాదు, వాళ్ళ నాయన వీరభద్రయ్య కూడా "ఇంకొక్క ఏడు చూస్తానండి మాస్టారూ, ఆపైన నన్ను మాటలనబాకండి" అన్నాడు, అన్నవాడి కళ్ళల్లో మాత్రం కోపం లేదు, భయం ఉంది. ఆ ఏడు ఇదిగో, గంటలోకి వచ్చింది.

"మాస్టారూ, మీ ఎర్ర పెన్సిలు ఒకసారి ఇస్తారా?" గుమ్మంలోంచి శౌరమ్మ టీచరు. ఈ గదికి కాపలా ఆవిడదే, వేరే స్కూలు నుంచి వేశారు. "పరీక్షకు రానివాళ్ళ నెంబర్లు ఎర్రగా కొట్టాలంట. నాకు నల్లదిచ్చి కూర్చోబెట్టారు. ఏం తినెయ్యన్లెండి, మళ్ళీ ఇస్తా."

ఆయన చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. జేబు తేలికైంది. ఇరవై రెండేళ్ళుగా ఆ జేబులో మొన పైకి పెట్టుకుని ఉండే వస్తువు. అరిగినకొద్దీ కొత్తది వస్తుందేగాని ఆ చోటు ఎప్పుడూ ఖాళీగా లేదు. దానితో ఎన్ని వేల జవాబులు దిద్ది ఉంటాడు. మొదట్లో, ఇంగ్లీషులో పాఠం చెప్పే రోజుల్లో, పిల్లలు పుస్తకంలో మాట పుస్తకంలో ఉన్నట్టే అప్పజెప్పేవాళ్ళు. దిద్దటానికి ఏముండేది, రాతలో తప్పులు తప్ప. తరువాత తెలుగులో చెప్పవచ్చునన్నారు, తెలుగులో రాయవచ్చునన్నారు. ఆ మొదటి ఏడు కాయితాల కట్ట ఇంటికి తెచ్చి, దీపం ముట్టించకముందే, వసారాలో భార్య రావమ్మ బియ్యం చేటలో వేసుకుని రాళ్ళు ఏరుతూంటే ఎదురుగా కూర్చుని విప్పాడు. "చదవండి ఒకటి," అంది రావమ్మ. రావమ్మ మూడో క్లాసు చదివింది. గన్నవరం అవతల పొలాల్లో పెరిగిన పిల్ల, వరి ఏ గాలికి పడుతుందో ఏ గాలికి లేస్తుందో తెలిసిన మనిషి. ఆయన చదివాడు: నీరు ఆవిరియగుటను ఆవిరీభవనమందురు. రావమ్మ చేట ఆపింది. "ఆవిరి అవటాన్ని ఆవిరి అవటం అంటారా? ఈ మాత్రానికి బడికెందుకండీ పంపటం?" ఆయనకు నవ్వాగలేదు, ఆ పిల్లవాడికి రెండు మార్కులు వెయ్యబోయినవాడు ఒకటి వేసి ఊరుకున్నాడు. ఆ రోజు నుంచి అది అలవాటైంది. ఆయన చదవటం, ఆవిడ వినటం. జవాబు అయిపోగానే ఆవిడ "అయితే?" అనేది. ఇంకేం కాదు, అంతే. అయితే ఏమిటి, ఎందుకని, ఎట్లా తెలిసింది, ఇంకెక్కడైనా అట్లా అవుతుందా, అవన్నీ ఆ ఒక్క మాటలో ఉండేవి. కొన్ని జవాబులకు మాత్రం ఆవిడ ఏమీ అనకుండా మళ్ళీ బియ్యంలో వేళ్ళు పెట్టేది. ఆవిడ ఏమీ అనలేదంటే ఆ జవాబు నిలిచినట్టు. ఆయన పిల్లలకు ఆనాటి నుంచి నేర్పింది అదే. ముందు చూసింది రాయండి. తరువాత అది ఎందుకట్లా అయిందో రాయండి. ఆపైన ఇంకెక్కడ అట్లా అవుతుందో ఒక్కటి రాయండి. ఇది ఏ ట్రెయినింగులో చెప్పారు మాస్టారూ అని తోటి మాస్టర్లు అడిగితే నవ్వి ఊరుకునేవాడు. చేటలో బియ్యం పోసుకుని కూర్చున్న కాలేజీ పేరు ఏం చెబుతాడు.

రావమ్మ పోయిన తరువాత కాయితాలు గట్టిగా చదవటం మానేశాడు. ఎవరికోసం చదవాలి? కళ్ళతో చదివి, కళ్ళతో చదివినవి ఎంత త్వరగా అయిపోతాయో చూసి ఆశ్చర్యపోయి, పెన్సిలుతో గీతలు గీసి, కట్ట కట్టేసేవాడు. చేట గోడకు ఆనించి ఉండేది. అట్లా రెండేళ్ళు గడిచాక, పోయిన పరీక్షలకు ముందు అర్ధసంవత్సరం పరీక్ష కాయితాల్లో, నాగమల్లేశ్వరి కాయితం. ఆ కాయితం ఇప్పుడు కళ్ళ ముందు ఉన్నట్టే ఉంది, కొంచెం గంజివాసన కూడా వేసింది. నీరు త్వరగా ఆవిరి యగుటకు కారణములేవి? అందరూ నాలుగు కారణాలు వరసగా రాశారు. ఈ పిల్ల మగ్గం సంగతి రాసింది. పడమటి గాలి రోజుల్లో దారం తెగుతుందని, గాలికి దాహమై దారంలో నీళ్ళు తాగుతుందని రాసింది. ఆయన ఆ సాయంత్రం అలిసి ఉన్నాడు. ఇంటి ముచ్చటలు వ్రాయరాదు, శాస్త్రమునకు తగిన మాటలు వ్రాయుము అని పక్కన రాసి, జవాబు మొత్తానికి అడ్డంగా ఒక గీత. ఎంత తిన్నటి గీత. రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు. ఆ గీత మూడు నెలల తరువాత ఎక్కడిదాకా పోయిందో ఆయనకు అప్పుడు తెలియదు. గట్టిగా చదివి ఉంటే? చదివి ఉంటే ఆ గోడ దగ్గర నుంచి ఏ మాటా వచ్చి ఉండేది కాదు. ఆ ఏమీ అనకపోవటం తనకు వినిపించి ఉండేది.

చెప్పుల చప్పుడు. సగం టైము దాటాక బయటికి రానిస్తారు, రాజ్యలక్ష్మి వచ్చేసింది. ధాన్యం కొట్టువాళ్ళమ్మాయి, పుస్తకం మొత్తం గుక్క తిప్పుకోకుండా చెబుతుంది, చెప్పిన తరువాత మనమే గాలి పీల్చుకోవాలి. ప్రశ్నల కాయితం విసనకర్ర చేసుకుని విసురుకుంటూ వచ్చింది.

"అప్పుడే లేచావేం అమ్మాయ్? ఇంకా గంటుంది గదా."

"అన్నీ వచ్చినవేనండి. ఆరోదొక్కటే పుస్తకంలో లేదు. స్వయముగా గమనించిన సంగతి అన్నాడు. స్వయంగా అంటే ఎవరు గమనించిందండీ?"

"నువ్వేనమ్మా."

"నేనా! నేనేం గమనిస్తానండీ, మా ఇంట్లో నన్ను చదువుకోమంటే. తడిబట్టలు ఎండును అని రాసేశా. ఎండుతయ్యి గదండీ?"

"ఎండుతాయి," అన్నాడాయన, "కాస్త నీళ్ళు తాగి నీడపట్టున వెళ్ళు." కాయితం అడిగి తీసుకున్నాడు. ఆరోది. నిత్యజీవితమున నీవు స్వయముగా గమనించిన ఒక సంగతిని ఆధారముగా గైకొని, గాలియందలి తేమకును, నీరు ఆవిరి యగుటకును గల సంబంధమును వివరింపుము. పది మార్కులు. ఆయన అద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఎక్కడో మద్రాసులో, పేరు తెలియని ఒకాయన, ఎండాకాలం రాబోతూంటే బల్ల దగ్గర కూర్చుని, తన ఊరు కాని ఊళ్ళో, తనకు తెలియని పిల్లల కోసం ఈ మాట రాశాడు. ఏ పిల్ల చదువుతుందో ఆయనకేం తెలుసు. ఆ తలుపు నాగమల్లేశ్వరి ఇంటి ముందే తెరిచాడు. అడుగు పెట్టటమే తరువాయి. పెడుతుందా? పెట్టవద్దని చెప్పిన గీత ఒకటి ఆ గుమ్మానికి అడ్డంగా ఉందే. పోయినేడు కూడా ఇటువంటిదే, చిన్నది, నాలుగు మార్కులది వచ్చింది. దాన్ని ఆ పిల్ల తెల్లగా వదిలేసింది.

ఆ సంగతి తెలిసింది జూన్‌లో, వాన పడీపడని రోజున, కొండ కింద వన్‌టౌనులో సాలెవాళ్ళ వీధికి తాను వెతుక్కుంటూ పోయినప్పుడు. వీధి అంతా పడుగు దారాలు పరిచి ఉన్నాయి, వాటిని దాటటానికి ఆయన కొంగలాగా కాళ్ళెత్తి నడిచాడు, ఎవరో నవ్వారు. ఆ పిల్ల రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతోంది. లేచి నిలబడింది, తల ఎత్తలేదు. "ఆ ప్రశ్న నీకొచ్చు గదమ్మా, ఎందుకు వదిలేశావు?" "నాకొచ్చింది మీరు కొట్టేశారు గదండీ," అంది, నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. "ఇంకో రకంగా నాకు రాదు." వాళ్ళమ్మ పున్నమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి చేతికిస్తూ "మాస్టారితో అట్లా మాట్లాడొచ్చటే!" అని కసురుకుంది. ఆయన గ్లాసు అట్లాగే అరుగు మీద పెట్టాడు. లోపల మగ్గం చప్పుడు ఆగింది. "రండి మాస్టారూ, ఇట్లా రండి," అని వీరభద్రయ్య గొంతు, నేలలోంచి వచ్చినట్టు వచ్చింది. నిజంగా నేలలోంచే వచ్చింది. మనిషి నడుం దాకా గుంటలో ఉన్నాడు, మగ్గం నేలకు సమంగా ఉంది. "తమరేం రాశారో చెప్పింది లేండి మా పిల్ల. తమరొకసారి కాళ్ళు పెట్టి చూడండి ఇందులో." పంచె ఎగదోపి దిగాడు. గుంట చల్లగా ఉంది. బయట అంత ఉక్కలో, ఆ మట్టిలో ఒక చల్లదనం, పాదాల నుంచి మోకాళ్ళ దాకా, కాలవ నీళ్ళలో నిలబడ్డట్టు. "ఈ తేమ ఉంటేనే దారం మాట వినుద్ది. పడమటి గాలి తిరిగిందా, పటుక్కు, పటుక్కు. ముడేసుకుంటా కూర్చోవటమే. నీళ్ళు చల్లుకుంటాం, తడి గోనెలు కడతాం. సందేళ బందరు వైపు నుంచి పైరగాలి వస్తది చూడండి, అప్పుడిక తెగమన్నా తెగదు." ఆగి, మీసంలో నవ్వాడు. "ఈ గుంటలో మా తాత దిగాడు, మా నాయన దిగాడు. బీయే చదివినాయన దిగటం మాత్రం ఇదే మొదలండి."

బీయే చదివినాయనకు ఆ గుంటలో తన కాలేజీ గుర్తుకొచ్చింది. కాలేజీలో ఒక పరికరం చూపించారు. రెండు ఉష్ణమాపకాలు, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ. గాలి ఎంత పొడిగా ఉంటే తడిదానిలో అంకె అంత కిందికి దిగుతుంది. ఎంత తెలివైన పరికరమని అప్పుడు అబ్బురపడ్డాడు. దాన్ని కొనిపెట్టమని స్కూలువాళ్ళను పదేళ్ళ నుంచి అడుగుతూనే ఉన్నాడు. ఈ వీధిలో ఇంటికొకటి ఉంది. సన్నటి దారం, చెయ్యి తిరిగిన వేళ్ళు, తెగిందా లేదా అనే లెక్క. గాలిలో తేమ ఎంతో తాతల నాటి నుంచి ఈ గుంటలో కూర్చుని కొలుస్తున్నారు. కొలుస్తున్నట్టు వాళ్ళకు తెలియదు. తెలిసిన ఒక్క పిల్ల కాయితం మీద పెడితే, దాన్ని తాను కొట్టేశాడు. ఆ రోజు నుంచి ఏడాది పొడుగునా, బడి వదిలాక ఈ వరండాలోనే, ఇదే బల్ల మీద, ఆ పిల్లతో జవాబులు గట్టిగా చదివించాడు. చూసింది రాయమ్మా. నువ్వు చూసింది. ఎందుకో ఆపైన. ఆ పిల్ల అన్నీ నేర్చుకుంది, వెలుతురూ అయస్కాంతమూ పొట్టలో అన్నం అరగటమూ అన్నీ చక్కగా రాసేది, ఒక్క ఆవిరి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం పుస్తకంలో మాటల మీదికి పోయేది, ఆయన మొహంలోకి కాకుండా ఆయన జేబు వైపు చూసేది. చేత్తో కొట్టిన గీతను మాటలతో తుడిపెయ్యలేం కాబోలు.

కుండ మీద చెమటబొట్టు ఒకటి కదిలి, ఇంకోదాన్ని కలుపుకుని, గబుక్కున జారి ఇసుకలో పడింది. రావమ్మ జ్వరం కూడా ఇటువంటి మధ్యాహ్నాల్లోనే పెరిగేది. పదిహేడు రోజులు. డాక్టరు గారు తడిగుడ్డ మారుస్తూ ఉండండి అన్నారు. గుడ్డ తడిపి నుదుటి మీద వేసేవాడు, వేసిన కాసేపటికే కాలిపోతూ వచ్చేది, మళ్ళీ తడిపేవాడు. ఒకరోజు ఆవిడ కళ్ళు తెరిచి "ఎందుకండీ ఇంత హాయిగా ఉంటది?" అంది. ఎన్నాళ్ళ తరువాతో ఒక ప్రశ్న అడిగింది. ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. నీళ్ళు ఆవిరై పోవటానికి వేడి కావాలి రావమ్మా, ఆ వేడిని నీ నుదుటి నుంచి తీసుకుని పోతాయి అన్నాడు, క్లాసులో చెప్పినట్టే, చూసింది ముందు, ఎందుకో తరువాత. ఆవిడ కాసేపు ఆలోచించింది. "అయితే ఉత్త చేతుల్తో పోవన్నమాట," అంది. "మన నెప్పి కాస్త పట్టుకునే పోతయ్యి." తరువాత నిద్రపోయింది. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు, అయినా ఆ మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆవిడ దక్కలేదు. కానీ ఆ పదిహేడు రోజుల్లోనూ ఏ ఒక్క గుడ్డా తన పని మానలేదు. ప్రతిసారీ తీసుకుంది. చేతనైనంత తీసుకుని పోయింది. తరువాతి రోజుల్లో కాలవగట్టున ఒక్కడే నడుస్తూంటే ఆయనకు తోచింది ఇదే. ఆ నుదుటి మీద పనిచేసిందీ, ఈ కుండ మీద పనిచేసేదీ, అనకట్ట దగ్గర అంత నీటి మీద ఎండాకాలమంతా పనిచేసి బందరు దాకా మబ్బులు కట్టేదీ, సాలె గుంటలో దారాన్ని తెంపేదీ, అంతా ఒక్కటే. ఇంత పెద్దది తడిగుడ్డ ముక్కలో ఎట్లా పట్టిందో! దానికి పెద్దా చిన్నా లేదు, కొండ అంత చోటైనా ఒకటే, నాలుగు వేళ్ళ నుదురైనా ఒకటే. దాన్ని తలుచుకుంటే దుఃఖం పోదు, కానీ దుఃఖం పక్కన ఏదో నిలబడినట్టుంటుంది, చల్లగా.

"మాస్టారూ, ఒక్క రెండు నిమిషాలు నిలబడతారా?" మళ్ళీ శౌరమ్మ టీచరే. మొహమంతా చెమట. "ఆఫీసులో పెద్దాయనకు ఈ రానివాళ్ళ పట్టీ ఇచ్చి రావాలి. బంట్రోతు కనపడడు."

"నేను సైన్సు వాణ్ణి టీచర్ గారూ. లోపలికి రాకూడదు."

"లోపలికెవరు రమ్మన్నారు? గుమ్మంలో నిలబడండి. గుమ్మం లోపలా కాదు, బయటా కాదు. మాట్లాడితే తప్పుగాని నిలబడితే తప్పేముంది!" అంటూనే వెళ్ళిపోయింది, చెవి వెనక ఎర్ర పెన్సిలు పెట్టుకుని, వడ్రంగిలాగా.

గుమ్మంలో నిలబడ్డాడు. ప్రశ్నల కాయితం బల్ల మీదే వదిలి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కలాల చప్పుడు, ఎండుటాకుల మీద ఏదో పాకుతున్నట్టు. చూడకూడదనుకుంటూనే చూశాడు. మూడో వరస, కిటికీ పక్క. కలం ఆగి ఉంది. ఎదుట కాయితం సగం నిండి, ఆపైన తెల్లగా ఉంది. ఆ తెలుపు ఆయనకు తెలుసు, చూడకుండానే తెలుసు. ఆరోదానికి వచ్చి ఆగింది. ఇంకా ఇరవై నిమిషాలుంది. మొత్తం గదికి చెబుతున్నట్టు, ఎవరైనా చెప్పే మాటే, టైముంది, చూసుకుని రాయండమ్మా అంటే? ఆ 'చూసుకుని' మీద గొంతు కాస్త ఆనిస్తే? రెండే రెండు మాటలు. ఏ నిబంధనకూ దొరకవు. తాను గీసిన గీత తాను చెరిపినట్టవుతుంది, ఒక బతుకు నిలబడుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని రుచి కూడా తెలిసింది. ఇస్తే ఏమవుతుంది? ఆ జవాబు ఆ పిల్లది కాకుండా పోతుంది. పది మార్కులు రావచ్చు, కానీ ఇక జన్మంతా, మాస్టారు గొంతు ఆనించాడు గనుక రాశాను అనుకుంటుంది. రేపు తానే టీచరై నిలబడి ఎవరి జవాబునో దిద్దుతూ కూడా అదే అనుకుంటుంది. ఒకసారి తీసుకున్నాడు ఆ పిల్ల దగ్గర నుంచి. రెండోసారి, ఇస్తున్నట్టుగా తీసుకోవటమా? ఆయన పెదవులు బిగించాడు. రావమ్మా, నువ్వు ఏమీ అనకుండా ఉండేదానివే, అది ఇంత కష్టమా! చేటలో చూపు పెట్టుకుని ఎంత తేలికగా ఊరుకునేదానివి.

అప్పుడు బల్ల కింద కదలిక కనిపించింది. కాళ్ళు. ఆ పిల్ల చెప్పులు లేని పాదాలు. కుడిది కిందికి, ఎడమది పైకి. ఎడమది కిందికి, కుడిది పైకి. గచ్చు మీద ఏమీ లేదు, కానీ ఆ పాదాల కింద మగ్గం తొక్కుడు చెక్కలు రెండు ఉన్నాయి, చెక్కల కింద తేమమట్టి ఉంది, ఆ చెక్కలు తొక్కిన ప్రతిసారీ పడుగు దారాలు విచ్చుకుంటున్నాయి, వాటి మధ్య అడ్డదారం మోసే నాడె ఇటు నుంచి అటు పోతోంది. మొహంలో ఏమీ లేదు. చూపు కిటికీ అవతల ఎండలో ఎక్కడో ఉంది. మనిషి మాత్రం గుంటలో దిగింది. వాళ్ళ తాతలు దిగిన గుంటలో. ఒక ఆలోచన పుట్టటం ఆయన తన కళ్ళతో చూస్తున్నాడు, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా చూడనిది. అది తలలో కాదు, పాదాల్లో పుడుతోంది. కాళ్ళు ఆగాయి. ఆ పిల్ల తల ఎత్తింది, గుమ్మం వైపు చూసింది. ఆయన చప్పున కాలవ వైపు తిరిగాడు, కళ్ళు కూడా మాట్లాడతాయి గనుక. కాలవలో గడ్డి మేటు లాంటి పడవ ఒకటి పోతోంది. దాని నీడ మాత్రం చూశాడు. చెవులు వెనకే ఉన్నాయి. కలాల చప్పుడు అదే, ఎండుటాకుల చప్పుడే. అందులో ఒకటి కొత్తగా కలిసిందా? అన్నిటిలోకీ వేగంగా గీరుకుంటూ పోతున్నది ఎవరిది? చెప్పలేడు. శౌరమ్మ టీచరు వచ్చి "ఇక కూర్చోండి" అనేదాకా తిరిగి చూడలేదు, తరువాతా చూడలేదు. బల్ల మీద కూర్చుని కుండ చెమటబొట్లు చూస్తూ ఉండిపోయాడు. పదిహేను నిమిషాల్లో ఎన్ని జారాయో చూడలేదు. జారుతూనే ఉన్నాయి.

రైలుపట్టా గలగలా మోగింది. పిల్లలు తోసుకుంటూ వచ్చేశారు, వరండా అంతా గోల, ఆరోది ఏం రాశావే, తడిబట్టలే నేనూ తడిబట్టలే, అందరూ తడిబట్టలేనా, అయితే ఆ దిద్దేవాడికి జలుబు చేస్తుందే అని నవ్వులు. అందరి వెనకా నాగమల్లేశ్వరి వచ్చింది. వేళ్ళ నిండా సిరా. ఎదురుగా నిలబడింది. ఆయన బల్ల మీంచి లేచాడు.

"ఆరోది రాశానండి."

"ఊఁ."

"మా యింట మగ్గము నేలలో త్రవ్విన గుంటపై నుండును," అని మొదలుపెట్టింది, ఏడాదిగా ఈ వరండాలో చదివినట్టే, చేతులు కట్టుకుని, గట్టిగా. "పడమటి గాలి వీచునప్పుడు దారము మాటిమాటికి తెగును. సాయంకాలము సముద్రము వైపు గాలి వచ్చిన పిమ్మట తెగదు. దారము అదే, నేయువాడు అతడే, మారినది గాలి యొక్కటే. కావున పొడిగాలి దారమునందలి నీటిని వడివడిగా తీసికొనుననియు, తేమగాలి అంతగా తీసికొనదనియు తెలియుచున్నది. ఇంకొక చోట కూడ ఇట్లే జరుగును. మంచినీళ్ళ కుండ వానకాలమున చల్లబడదు, ఎండకాలమున చల్లబడును." ఆగి, ఊపిరి తీసుకుని, చిన్న గొంతుతో అంది. "చివర్న గాలికి దాహము వంటిది కలదు అని కూడా రాసేశానండి."

దారము అదే, నేయువాడు అతడే, మారినది గాలి యొక్కటే. ఈ మాట తాను చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కటి మాత్రమే మారితే కారణం అదేనని ఎంత పెద్ద శాస్త్రవేత్త అయినా చివరికి చెప్పేది ఇదేగదా. ఇది గుంటలోంచి వచ్చింది. కుండ సంగతీ తాను చెప్పింది కాదు, వానకాలంలో కుండ చల్లబడదన్న సంగతి తనకే ఈ క్షణం దాకా తట్టలేదు. ఆయన కదలకుండా ఉండి, వచ్చే మాట కోసం ఎదురుచూశాడు. చేట ఆగుతుందని, "అయితే?" అని వినిపిస్తుందని. ఎంతసేపు చూసినా రాలేదు. ఎక్కడో బియ్యంలో వేళ్ళు కదిలాయి.

"మరి ముందెందుకు ఆగిపోయావు?" అన్నాడు చివరికి.

"రాస్తే గీత పడుద్దేమోనని. తలెత్తి చూస్తే మీరు గుమ్మంలో ఉన్నారు. జేబులో మిరపకాయ లేదండి. దాంతో ధైర్యం వచ్చి..." నాలుక కరుచుకుంది. మొహం కందిపోయింది.

"మిరపకాయేంటమ్మా?"

"మీ ఎర్ర పెన్సిలండి," అంది నేల చూపులు చూస్తూ. "క్లాసంతా అట్లాగే అంటారండి. నేనొక్కదాన్నే కాదు."

ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఖాళీగా ఉంది. ఆఫీసువాళ్ళు శౌరమ్మ టీచరుకు నల్లది కాకుండా ఎర్రది ఇచ్చి ఉంటే? బంట్రోతు కనపడి ఉంటే? ఇంత చిన్న చిన్న ఖాళీల మీద ఇంత బరువు ఆగుతుందా! నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆయనకే తెలియలేదు, "వెళ్ళి చేతులు కడుక్కో, సిరా" అన్నాడు. ఆ పిల్ల కుండలో నీళ్ళు ముంచుకుని మెట్టు మీద కడుక్కుంది. తుడుచుకోకుండా చేతులు గాలిలో ఆడించింది. ఆడిస్తున్నది ఆగి, వేళ్ళు అట్లాగే పట్టుకుని నిలబడింది.

"గాలి తిరిగిందండి," అంది. "ఇందాకట్లా ఆరటం లేదు చూడండి."

నిజమే. కాలవ వైపు నుంచి, బందరు వైపు నుంచి, ఉప్పు కలిసిన మెత్తటి గాలి. ఆయన మొహానికి ఇంకా అందనే లేదు, ఆ పిల్ల వేళ్ళకు ముందే అందింది. "మా నాయన ఇక మగ్గం వదలడండి చీకటి పడిందాకా. కండెలు చాలవు," అంటూ మెట్లు దిగి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. "మీ పెన్సిలు మాస్టారూ, తినలేదు చూసుకోండి," అని శౌరమ్మ టీచరు వచ్చి చేతిలో పెట్టింది. దాన్ని జేబు దాకా తీసుకెళ్ళి, అక్కడ ఆగి, ఏం చెయ్యాలో తోచక, మొన కిందికి తిప్పి పట్టుకుని, వెంకటప్పయ్య మాస్టారు ఆ గాలిలో నిలబడి ఉన్నాడు.